సున్నాకు గుర్తు ఉంటుందా? - సంకీర్ణ సంఖ్యల దగ్గర యంత్రం ఎవరి మాట చెబుతుంది

1

లెక్కలో అభిప్రాయాలుండవనే మాట మన సమాజంలో బలంగా పాతుకుపోయింది. సాహిత్యంలో రెండు పక్షాలుండవచ్చు, చరిత్రలో ఉండవచ్చు, ఆర్థిక శాస్త్రంలో తప్పకుండా ఉంటాయి. గణితంలో మాత్రం ఒకటే జవాబు, అదీ కంప్యూటర్ చెప్పిందంటే ఇక తిరుగులేదు అని చదువుకున్నవాళ్ళే ఎక్కువగా నమ్ముతున్నారు. దీన్ని శాస్త్రీయ దృష్టి అనడానికి వీల్లేదు. శాస్త్రం దుస్తులు తొడుక్కున్న భక్తి ఇది. శాస్త్రీయ దృష్టి ఉన్నవాడు జవాబు చూడగానే అది ఏ నిబంధనల మీద నిలబడింది, ఆ నిబంధనలు ఎవరు పెట్టారు, వేరేవి ఎందుకు పెట్టలేదు అని అడుగుతాడు.

సాహిత్య విమర్శ పత్రికలో ఈ వ్యాసమెందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. సహజమని చెలామణీ అవుతున్నదాని వెనక మనుషుల నిర్ణయాన్ని వెలికితీయడం విమర్శ చేయవలసిన పని. కథలో, కవిత్వంలో ఆ పని చేస్తున్నాం. మన వంతెనల కంపనాలనూ, విద్యుత్ గ్రిడ్లనూ లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ లైబ్రరీల విషయంలో ఎందుకు చేయకూడదు? గణన ప్రోగ్రాములతో పనిచేసేవాడిగా నాకు బాగా తెలిసిన ఒక్క ఉదాహరణ తీసుకుంటాను. సంకీర్ణ సంఖ్యల ప్రమేయాలు యంత్రంలో ఎందుకు అనుకోని విధంగా ప్రవర్తిస్తాయి? అనుకోనిది అన్నప్పుడు అనుకున్నది ఎవరు, అనుకోనిది ఎవరు?

2

ఇంటర్మీడియట్‌లో గణితం చదివినవాళ్ళకు సంకీర్ణ సంఖ్యలు కొత్త కాదు. −1 వర్గమూలాన్ని 'ఐ' అని పిలిచి, 3 + 4ఐ వంటి సంఖ్యలు రాసి, అందులో 3ని వాస్తవ భాగమనీ, 4ను కల్పిత భాగమనీ నేర్చుకున్నాం. మాపం, ఆయామం, సంయుగ్మం, డిమూవర్ సిద్ధాంతం వరసగా వచ్చాయి. చాలామందికి అవి పరీక్షతో పాటే వెళ్ళిపోయాయి. అందుకు 'కల్పిత' అన్న పేరు కూడా కొంత కారణం. లేనిదాన్ని ఊహించుకుని ఆడే ఆట కాబోలుననిపిస్తుంది.

చరిత్ర అలా చెప్పడం లేదు. 1545లో ఇటలీలో కార్డానో తన 'ఆర్స్ మాగ్నా'లో ఒక లెక్క వేశాడు. పదిని రెండు భాగాలు చేయాలి, వాటి లబ్ధం 40 కావాలి. 5కు −15 వర్గమూలాన్ని ఒకసారి కలిపి, ఒకసారి తీసివేసి జవాబు రాశాడు. అది ఎంత సూక్ష్మమో అంత నిరుపయోగమని తనే తేల్చేశాడు. 1572లో బొంబెల్లి ఆ నిరుపయోగాన్ని పనిలో పెట్టాడు. ఒక సంఖ్య ఘనం, ఆ సంఖ్యకు 15 రెట్లు ప్లస్ 4కు సమానం కావాలి. జవాబు 4 అని చూస్తేనే తెలుస్తుంది. కాని సూత్రం ప్రకారం అక్కడికి చేరాలంటే −121 వర్గమూలం మీదుగా నడవాలి. అసలు లెక్కా వాస్తవమే, జవాబూ వాస్తవమే, మధ్యలో దారి మాత్రం కల్పిత సంఖ్యల గుండా పోతుంది. 1797లో వెసెల్, 1806లో ఆర్గాండ్ ఈ సంఖ్యల్ని తలం మీద బిందువులుగా చూపాక రహస్యం తొలగింది. ఐతో గుణించడమంటే 90 డిగ్రీలు తిరగడమే.

ఆ తిరగడాన్ని విద్యుత్తులోకి తెచ్చినవాడు స్టైన్‌మెట్జ్. జర్మనీలో సోషలిస్టు వ్యతిరేక చట్టాల కింద అరెస్టు తప్పదని తెలిసి 1888లో దేశం విడిచి, మరుసటి ఏడు అమెరికా చేరిన మనిషి. ఏకాంతర విద్యుత్ లెక్కలన్నిటినీ సంకీర్ణ సంఖ్యలతో సులువుగా చేయవచ్చని 1893లో ఆయన చూపాడు. మన ఇంటి కరెంటు లెక్క ఈనాటికీ ఆ పద్ధతిలోనే నడుస్తోంది. అందుచేత ఇవి ఎవరి ఊహాలోకంలోనో తిరిగే సంఖ్యలని కొట్టిపారేయడానికి లేదు.

3

చిక్కు వర్గమూలంతో మొదలవుతుంది. 4కు వర్గమూలాలు రెండు: 2, −2. ధనాత్మకమైనదాన్ని తీసుకుందామని బడిలో ఒప్పందం చేసుకున్నాం. వాస్తవ సంఖ్యల వరకు ఆ ఒప్పందం ఏ గొడవా లేకుండా నడుస్తుంది. సంకీర్ణ సంఖ్యల్లో నడవదు.

కారణం చూడండి. సంకీర్ణ సంఖ్యకు వర్గమూలం తీయడమంటే దాని మాపానికి వర్గమూలం తీసి, దాని కోణాన్ని సగం చేయడం. 1 దగ్గర బయలుదేరి సున్నా చుట్టూ ఒక ప్రదక్షిణ చేద్దాం. మనం 360 డిగ్రీలు తిరిగి బయలుదేరిన చోటికే వచ్చాం. కాని మన వర్గమూలం సగమే, అంటే 180 డిగ్రీలే తిరిగింది. 1 దగ్గర బయలుదేరినది −1 దగ్గర ఆగింది. చోటు అదే, జవాబు మారింది. చోటుకు ఒకే జవాబు కావాలని పట్టుబడితే ప్రదక్షిణలో ఎక్కడో ఒకచోట జవాబు ఉన్నట్టుండి దూకక తప్పదు. ఆ దూకే గీతను నేను 'చీలిక' అంటాను.

అంతర్జాతీయ తేదీ రేఖ ఇలాంటిదే. భూమి గుండ్రంగా ఉన్నంతకాలం ఎక్కడో ఒకచోట తేదీ మారక తప్పదు, అది ప్రకృతి పెట్టిన నిర్బంధం. అది ఎక్కడ మారాలన్నది మాత్రం మనుషుల ఒప్పందం. 2011లో సమోవా ఆ రేఖకు రెండో వైపు చేరాలని నిర్ణయించుకుంది. ఆ దేశ ప్రజలకు ఆ సంవత్సరం డిసెంబరు 30 లేనేలేదు. 29 తర్వాత 31 వచ్చింది.

సంకీర్ణ సంఖ్యల్లోనూ చీలిక ఉండటం అనివార్యం, దాని చోటు ఒప్పందం. కోణాన్ని −180 నుంచి +180 డిగ్రీల మధ్య కొలవాలని ఒప్పుకుని, వర్గమూలానికీ సంవర్గమానానికీ చీలికను రుణ వాస్తవ అక్షం మీద పెట్టారు. ఆ ఒప్పందం చేసుకున్న క్షణాన బడిలో కంఠస్థం చేసిన కొన్ని సూత్రాలు చెల్లకుండా పోయాయి. రెండు సంఖ్యల వర్గమూలాల లబ్ధం వాటి లబ్ధపు వర్గమూలానికి సమానమన్న సూత్రాన్నే తీసుకోండి. −1 వర్గమూలాన్ని దానితోనే గుణిస్తే −1. లోపలే గుణిస్తే 1, దాని వర్గమూలం 1. మరో ఉదాహరణ: ఒక సంఖ్య వర్గంలోంచి ఒకటి తీసి వర్గమూలం కట్టడమూ, ఆ సంఖ్యకు ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ సంఖ్యలకు విడివిడిగా వర్గమూలాలు కట్టి గుణించడమూ కాగితం మీద ఒకటే. −2 దగ్గర మొదటి పద్ధతి 3 వర్గమూలాన్నిస్తుంది, రెండో పద్ధతి దానికి మైనస్ గుర్తు పెట్టి ఇస్తుంది. ప్రోగ్రామును అందంగా కుదించబోయి ఒక రూపం చోట మరో రూపం రాసినవాడికి యంత్రం ఏ హెచ్చరికా చేయదు.

చీలిక స్థానం ఒప్పందమే అనడానికి ఇంకా గట్టి సాక్ష్యం విలోమ కోటాంజెంట్. −1కి విలోమ కోటాంజెంట్ ఎంత? మేపిల్ అనే ప్రసిద్ధ గణిత సాఫ్ట్‌వేర్ 135 డిగ్రీలంటుంది. అంతే ప్రసిద్ధమైన మేథమేటికా −45 డిగ్రీలంటుంది. రెండిటిలో ఏదీ తప్పు లెక్క కట్టలేదు. 1964లో అబ్రమోవిట్జ్, స్టెగన్ సంకలనం చేసిన ప్రమేయాల పట్టికల గ్రంథాన్ని ఇంజనీర్లు ప్రమాణంగా వాడేవారు. ఆ గ్రంథంలో కూడా ఈ ప్రమేయపు నిర్వచనం తొలి ముద్రణకూ తర్వాతి ముద్రణలకూ మధ్య మారింది. ప్రమాణ గ్రంథాన్ని చూసి రాశానన్నవాణ్ణి ఏ ముద్రణ అని కూడా అడగాలి!

4

ఇక చీలిక మీదే నిలబడిన సంఖ్య సంగతి. −4 సరిగ్గా చీలిక మీద ఉంది. పై ఒడ్డు నుంచి వస్తే దాని వర్గమూలం 2ఐ, కింది ఒడ్డు నుంచి వస్తే −2ఐ. మనం ఎటునుంచి వచ్చాం? కాగితం మీద −4 అని రాస్తే ఆ సమాచారం పోయింది. యంత్రంలో దాన్ని దాచుకోవడానికి ఒక చోటు దొరికింది. అది సున్నా గుర్తు.

దశాంశ గణనకు ఐ.ఇ.ఇ.ఇ. 754 ప్రమాణం 1985లో వచ్చింది. అందులో సున్నాలు రెండు: ప్లస్ సున్నా, మైనస్ సున్నా. పోల్చి చూస్తే రెండూ సమానమే. కాని ఒకటిని ప్లస్ సున్నాతో భాగిస్తే ప్లస్ అనంతం, మైనస్ సున్నాతో భాగిస్తే మైనస్ అనంతం వస్తాయి. విలువ లేనిదానికి గుర్తేమిటని నవ్వినవాళ్ళు చాలామందే. ఆ ప్రమాణ రూపకల్పనలో ముఖ్యుడైన విలియం కహన్, 1989లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నవాడు, 1987లో దీనిమీద ఒక సుదీర్ఘమైన పత్రం ప్రచురించాడు. సున్నా గుర్తు చీలిక ఏ ఒడ్డున ఉన్నామో గుర్తుపెట్టుకుంటుందన్నది ఆ పత్రం సారం. −4 + 0ఐ వర్గమూలం 2ఐ, −4 − 0ఐ వర్గమూలం −2ఐ. 1999 నాటి సి భాషా ప్రమాణం దీన్నే స్వీకరించింది.

దీనివల్ల ఒరిగేదేమిటంటే కహన్ చూపిన ఒక బొమ్మ చెప్పుకోవాలి. దీన్ని బోర్డా నాళిక అంటారు. అధిక పీడనంలో ఉన్న ద్రవం, సమాంతరమైన తిన్నని గోడలున్న కాలువలోకి చొరబడి ఎడమవైపు పోతుంది. ఆ ప్రవాహ రేఖల్ని వర్గమూలమూ సంవర్గమానమూ ఉన్న ఒక సూత్రంతో గీయవచ్చు. సున్నా గుర్తును కాపాడే లైబ్రరీతో గీస్తే బొమ్మ సరిగ్గా వస్తుంది. కాపాడని లైబ్రరీతో, అదే ప్రోగ్రాముతో గీస్తే, కింది గోడకు అడుగున పోవలసిన రేఖ గోడ దాటి కాలువ మధ్యలో అడ్డంగా పడుతుంది. మిగతా రేఖలన్నీ సవ్యంగానే ఉంటాయి. బొమ్మ మొత్తం చెడిపోతే ఎవరికైనా తెలుస్తుంది. ఒక్క రేఖ చెడితే అది నిజంగానే అక్కడ ఉందని నమ్మే ప్రమాదం ఉంది.

గుర్తు ఎలా పోతుంది? మైనస్ సున్నా వాస్తవ భాగంగా, 4 కల్పిత భాగంగా ఉన్న సంఖ్యను ఐతో గుణిద్దాం. 90 డిగ్రీలు తిప్పడమే కదా, −4 − 0ఐ రావాలి. కాని చాలా లైబ్రరీలకు ఐ అంటే 0 + 1ఐ అనే పూర్తి సంకీర్ణ సంఖ్య. మామూలు గుణకారం చేస్తాయి. కల్పిత భాగంలో 0 ఇంటూ 4, అంటే ప్లస్ సున్నా, దానికి మైనస్ సున్నా కలుస్తుంది. ప్లస్ సున్నాకు మైనస్ సున్నా కలిపితే ప్లస్ సున్నా. ఒడ్డు మారిపోయింది! వర్గమూలం −2ఐ రావలసింది 2ఐ వస్తుంది. శుద్ధ కల్పిత సంఖ్యలకు విడిగా ఒక రకం ఉంటే ఈ అనర్థం ఉండదని కహన్ వాదించాడు. 1999 సి ప్రమాణం దాన్ని ఐచ్ఛికంగా చేర్చింది. కాని లోకంలో అత్యధికులు వాడే జి.సి.సి., క్లాంగ్ కంపైలర్లు దాన్ని అమలు చేయలేదు. సి++ భాషలో ఆ రకమే లేదు. శుద్ధ కల్పిత అనంతాన్ని ఐ గుణకారంతో తయారుచేయబోతే, సున్నాతో అనంతం గుణకారమై వాస్తవ భాగం 'సంఖ్య కాదు' అనే విలువగా మారే ముప్పు కూడా ఉంది. ఆ రెండు భాగాల్నీ నేరుగా జతచేసే సదుపాయం 2011 ప్రమాణంలో గాని రాలేదు.

పైథాన్ భాషలో చాలాకాలం −4 − 0ఐ అని రాసినా మైనస్ సున్నా నిలిచేది కాదు. −4ను ముందు −4 + 0ఐగా మార్చి, తర్వాత తీసివేత చేసేది. సున్నాలోంచి సున్నా పోతే ప్లస్ సున్నా. 2025లో వచ్చిన 3.14 వెర్షన్‌లో, వాస్తవ సంఖ్యను సంకీర్ణంగా మార్చకుండానే కలిపే నియమాలు తెచ్చారు. అంటే ఒకే పంక్తి పాత వెర్షన్‌లో ఒక ఒడ్డున, కొత్త వెర్షన్‌లో మరో ఒడ్డున తేలుతుంది.

సున్నా గుర్తు అన్ని రోగాలకూ మందని నేననడం లేదు. కల్పిత భాగం సున్నా కావలసిన చోట గణన దోషం వల్ల అత్యల్పమైన రుణ సంఖ్య మిగిలితే, సున్నా గుర్తు సరిగ్గా ఉన్నా జవాబు అవతలి ఒడ్డుకే పోతుంది. ఇసుక రేణువంత తేడా జవాబులో 2ఐకీ −2ఐకీ మధ్య ఉన్నంత దూరమవుతుంది.

5

ఇప్పటిదాకా చెప్పింది గణితపు నిర్బంధం. లైబ్రరీ రూపకర్తల ఇష్టాయిష్టాల నుంచి పుట్టినవి వేరే ఉన్నాయి. −1 వర్గమూలం ఎంతని పైథాన్‌లో అడగండి. మామూలు గణిత మాడ్యూల్ అది తప్పు ప్రశ్న అని పని ఆపేస్తుంది. సంకీర్ణ మాడ్యూల్ ఐ అని చెబుతుంది. శాస్త్ర గణనల్లో విరివిగా వాడే నమ్‌పై ఒక హెచ్చరిక పడేసి 'సంఖ్య కాదు' అనే విలువ ఇచ్చి ముందుకు సాగుతుంది. అదే నమ్‌పైకి −1 + 0ఐ అని ఇస్తే ఐ వస్తుంది. ప్రశ్న ఒకటే, అడిగిన ద్వారాన్ని బట్టి జవాబు.

−8 ఘనమూలం బడిపిల్లవాడికి −2. పైథాన్‌లో −8ని మూడింట ఒకటో ఘాతానికి హెచ్చిస్తే సుమారు 1 + 1.732ఐ వస్తుంది. −8 కోణం 180 డిగ్రీలు, దాన్ని మూడో వంతు చేస్తే 60 డిగ్రీలు, ప్రధాన విలువ ఒప్పందం ప్రకారం అదే సరి. −2 కావాలంటే ఘనమూలం అనే వేరే ప్రమేయాన్ని పిలవాలి. మాట్‌ల్యాబ్‌లో మాత్రిక పక్కన పెట్టే చిన్న కామా గుర్తు వ్యత్యయం మాత్రమే కాదు, సంయుగ్మం కూడా చేస్తుంది. నమ్‌పై వ్యత్యయం సంయుగ్మం చేయదు. వాస్తవ మాత్రికల మీద పరీక్షించి ఒకదాన్నుంచి మరోదానికి అనువదించిన ప్రోగ్రాము, సంకీర్ణ మాత్రిక తగలగానే తప్పుదారి పడుతుంది. సంకీర్ణ సంఖ్యల్లో ఎక్కువ తక్కువలు లేవు గనక పోలిక అడిగితే పైథాన్ నిరాకరిస్తుంది. అవే సంఖ్యల్ని వరుసలో పెట్టమంటే నమ్‌పై వాస్తవ భాగాన్ని బట్టి పెడుతుంది, మాట్‌ల్యాబ్ మాపాన్ని బట్టి పెడుతుంది.

మూడో రకం యంత్రపు పరిమితి. 3 + 4ఐ మాపం 5, భాగాల వర్గాలు కూడి వర్గమూలం తీస్తే సరి. ఆ రెండు భాగాల్నీ పదికి 200వ ఘాతంతో గుణించండి. జవాబు యంత్రంలో హాయిగా పడుతుంది. కాని వర్గం చేయగానే పదికి 400వ ఘాతం దాటింది. యంత్రం పట్టేది సుమారు 308వ ఘాతం దాకానే, కాబట్టి అనంతమంటుంది. భాగహారంలోనూ ఇదే ఆపద. పాఠ్యపుస్తకపు సూత్రాన్ని నేరుగా వాడకుండా, హారంలో పెద్ద భాగంతో ముందే భాగించే ఉపాయాన్ని 1962లో రాబర్ట్ స్మిత్ ప్రచురించాడు. అర్ధశతాబ్దం గడిచాక 2012లో కూడా ఆ ఉపాయంలో మిగిలిన లొసుగుల మీద పరిశోధకులు పత్రం రాయవలసి వచ్చింది. భాగహారం మీద!

మరింత వింతైనది ఒకటుంది. ఒక సంఖ్యను దాని సంయుగ్మంతో గుణిస్తే శుద్ధ వాస్తవం రావాలి. ఈనాటి ప్రాసెసర్లు గుణకార సంకలనాల్ని కలిపి ఒకేసారి సవరించే ఆదేశాన్ని వాడతాయి. మామూలుగా అది దోషాన్ని తగ్గించేదే. కాని ఇక్కడ ఒక లబ్ధం సవరించినదీ, మరొకటి సవరించనిదీ ఎదురుపడి, రద్దు కావలసిన చోట రేణువంత కల్పిత భాగం మిగులుతుంది. ఆ రేణువు గుర్తే తర్వాతి అడుగులో చీలిక ఏ ఒడ్డున పడతామో నిర్ణయించవచ్చు. కంపైలర్‌కు వేగం పెంచమని ఒక్క ఐచ్ఛికం ఇచ్చినందుకు జవాబు మారుతుంది.

6

ఈ మూడు రకాల్నీ ఒకే గాటన కట్టి 'కంప్యూటర్ తప్పు' అనడం సులువు. అలా అనడం వల్ల ఎవరి బాధ్యత ఏదో తెలియకుండా పోతుంది. చీలిక ఉండటం గణిత సత్యం, దానికి ఎవరినీ నిందించలేం. అనంతం పొరపాటుగా రావడం యంత్రపు పరిమితి, దాన్ని శ్రమపడి అధిగమించవచ్చు, స్మిత్ వంటివాళ్ళు అధిగమించారు. చీలిక ఎక్కడుండాలి, ప్రశ్నకు నిరాకరణ చెప్పాలా, నిశ్శబ్దంగా సాగాలా అన్నవి మాత్రం మనుషుల నిర్ణయాలు. 1981లో ఎ.పి.ఎల్. భాష కోసం పాల్ పెన్‌ఫీల్డ్ ప్రతిపాదించిన చీలికల్ని 1984లో కామన్ లిస్ప్ ఆధారం చేసుకుంది. కహన్ వాదించాడు, సి భాషా కమిటీ కొంత ఒప్పుకుంది, కంపైలర్ రాసినవాళ్ళు కొంత వదిలేశారు. ప్రతి లైబ్రరీ ఇలాంటి వాదోపవాదాల అవక్షేపం. వాడేవాడికి ఆ చరిత్ర కనిపించదు, జవాబే కనిపిస్తుంది.

ఆ చరిత్ర తెలుసుకునే అవకాశం కూడా అందరికీ సమానంగా లేదు. ప్రమాణాల పత్రాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. తెలుగు మాధ్యమంలో ఇంటర్ చదివి ఇంజనీరింగులో చేరిన విద్యార్థికి ఆయామం తెలుసు, ప్రధాన విలువ తెలుసు. కాని ఈ రెండిటి మధ్య సంబంధాన్ని యంత్రం ముందు కూర్చోబెట్టి చెప్పేవాళ్ళు తక్కువ. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పరిభాష ఇచ్చింది, పాఠ్యపుస్తకాలు ఇచ్చింది. ఆ పరిభాషలో యంత్ర గణన గురించి వాదించుకునే రచన మాత్రం మనం పెంచుకోలేదు. భాషలో వాదన లేకపోతే పరిభాష నిఘంటువులోనే ఉండిపోతుంది. 'చీలిక' కంటే మంచి మాట ఎవరైనా సూచిస్తే సంతోషిస్తాను, ఆ సూచన కోసం కూడా ఈ వ్యాసం రాస్తున్నాను.

ప్రోగ్రాము రాసే యువమిత్రులకు చివరగా కొన్ని మాటలు. ఏ లైబ్రరీ వాడినా దాని చీలిక ఎక్కడుందో పత్రాల్లో చదవండి. రుణ అక్షానికి రెండు ఒడ్డుల నుంచీ, రెండు సున్నాలతోనూ పరీక్షించండి. మాపానికీ భాగహారానికీ సొంత సూత్రం రాయకుండా లైబ్రరీ ప్రమేయాన్నే పిలవండి, ఆ ప్రమేయాన్ని కూడా పెద్ద సంఖ్యలతో, అతి చిన్న సంఖ్యలతో పరీక్షించండి. బడి సూత్రాన్ని యంత్రంలోకి ఎక్కించే ముందు అది ఏ ప్రాంతంలో చెల్లుతుందో రాసిపెట్టండి. వెర్షన్ మారినప్పుడు పాత జవాబుల్ని కొత్తవాటితో పోల్చండి. రేపు ఎవరైనా మీ గీతలో ఒక రేఖ గోడ దాటిందేమని అడిగితే, యంత్రం అలా చెప్పిందన్న సమాధానం చాలదు. ఏ ఒప్పందం మీద చెప్పిందో కూడా మీరు చెప్పగలగాలి.